నాలుగో గంట మల్లె

తెల్లవారేసరికి రాయబారి సెక్రటరీ హోటల్ గదిలో శవమై ఉన్నాడు. తొమ్మిదింటికి చీఫ్ నుంచి మాస్టారుకు పిలుపొచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో కుర్రకారుకంతా పని నేర్పాడు కాబట్టి ఆ పెద్ద ఏజెంటు అందరికీ మాస్టారే.

“నాలుగింటికి ఒప్పందం మీద సంతకాలు. ఈలోపు రాయబారిని లేపేయాలని విదేశీ ముఠా ప్లాను. బాంబు ఎక్కడ పెట్టారో తెలీదు. ఇదే మీ ఆఖరి అసైన్‌మెంట్, మాస్టారూ.”

“పోయిన మూడూ ఆఖరివేగా, బాబూ.”

చీఫ్ కళ్ళజోడు అందించాడు. “ఫ్రేములో కెమెరా ఉంది.”

“చత్వారానికి పనికొస్తుందా?”

“రాదు. ముఠాలో మన మనిషి ఒకావిడ ఉన్నారు. విమానం దిగి మూడున్నరకి సంతకాలు జరిగే హాలు బయట కలుస్తారు. ఆనవాలు మల్లె సెంటు.”

మాస్టారు వెయిటర్ వేషం కట్టాడు. ట్రే మోస్తూ నిలబడేసరికి మోకాళ్ళు పీకాయి. ఆరింటికి భార్యతో బయటికి వెళ్ళాలి. పెళ్ళిరోజు. కిందటేడు కూడా వెళ్ళాలనే అనుకున్నారు.

మూడున్నరకి ఆవిడ వచ్చింది. పట్టుచీర, చల్లని నవ్వు. మణికట్టు ముందుకు చాపింది. మాస్టారు గ్లాసు అందిస్తున్నట్టు వంగాడు.

ఆ సెంటు ఆయన ఎరిగినదే. పెళ్ళిళ్ళకు భార్య రాసుకునేది అదే. రాయగానే నారింజ తొక్క గిల్లినట్టు చురుక్కుమంటుందట. ఆ తర్వాత మల్లె విచ్చుకుంటుందట. ఒంటి వేడికి నాలుగో గంటకల్లా పువ్వు వడలి, గంధమూ కాస్త చెమట ఉప్పూ మిగులుతాయి. మొదటి రెండూ భార్య చెబితే విన్నవి. ఆయన ముక్కుకు తెలిసింది నాలుగో గంటే. వేళకు ఇల్లు చేరిన పాపాన పోతే కదా.

ఇక్కడ గంధం, ఉప్పు.

“సెంటు ఎప్పుడు రాసుకున్నారమ్మా?”

“ఇప్పుడే, కారు దిగుతూ. కింద రాయబారి కారులో ఉంది బాంబు. అందర్నీ అటు పంపండి.”

ఇప్పుడే రాసిందైతే నారింజ తొక్క చురుక్కుమనాలి. మాస్టారు ఆ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. పక్కనున్న గార్డుకు అప్పగించి హాల్లోకి నడిచాడు. పదకొండుకి తనిఖీ అయ్యాక లోపలికి వెళ్ళింది పూలు సర్దినవాళ్ళే. అంటే నాలుగు గంటల కిందట ఈవిడ వాళ్ళలో ఒకత్తె అయ్యుండాలి.

బల్ల మీద గులాబీలు, మైకు, తాళం వేసిన రాయబారి పెన్నుల పెట్టె. వెతికినచోటే మళ్ళీ వెతికాడు. ముఠావాళ్ళూ దణ్ణం పెట్టుకునే బయల్దేరి ఉంటారు. దేవుడు ఎవరి మాట వింటాడో ఆయనకెప్పుడూ అర్థం కాలేదు. అయినా దణ్ణం పెట్టుకున్నాడు.

నాలుగైంది. రాయబారి తన తాళంచెవితో పెట్టె తెరిచి పెన్ను తీశాడు. గుప్పున మల్లె. రెండో తాళంచెవి కోసమే సెక్రటరీని చంపారన్నమాట; ఆవిడ మణికట్టు సెంటు పెన్నుకంటింది. లోహానికి ఒంటి వేడి ఉండదు; దాని మీద పువ్వు ఇంకా వాడలేదు.

రాయబారి వేళ్ళు మూత తిప్పబోయాయి. మాస్టారు చెయ్యి అడ్డుపెట్టాడు.

“ఆగండి సార్. అందులో ఇంకు లేదు.”

బాంబ్ స్క్వాడ్ ఆ పెన్నును ఇసుక బకెట్‌లో పట్టుకెళ్ళింది. సంతకాలు మాస్టారు జేబులోని బాల్‌పెన్నుతో అయ్యాయి. దాన్ని ఎవరూ తిరిగివ్వలేదు.

వాంగ్మూలాలు తెమిలి ఇల్లు చేరేసరికి ఎనిమిది. భార్య ముస్తాబు చెదరకుండా కుర్చీలోనే ఉంది. ఆయన అరచెయ్యి పట్టుకుని వాసన చూసింది.

“నా సెంటే. పొద్దుటిది.”

డ్యూటీ సంగతి ఇంట్లో చెప్పకూడదు.

“ఎవరో పాపం,” అంది ఆవిడ చెయ్యి వదిలేస్తూ, “నాలాగే మీకోసం చాలాసేపు కాచుకున్నట్టుంది.”