వెనక సీట్లో మూలుగు

ఆ పొద్దున్న ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. తూర్పున ఎండ పొడుస్తుంటే, పడమర నుంచి నల్లటి మబ్బొకటి తీరిగ్గా పైకి వస్తోంది. గొడుగు పట్టుకోవాలో టోపీ పెట్టుకోవాలో తెలియక జనం రెండూ లేకుండానే బయల్దేరారు. డ్రిల్లు టీచరుకు మాత్రం ఏ సందేహమూ లేదు. ఇవాళ షోరూంకి వెళ్లాలి, ఎవరో ఒకరిని నిలదీయాలి. అది ఆమె రాత్రే అనుకుని పడుకుంది.

కారు ఆమెదే. చిన్నది, పాతది, బూడిద రంగుది. వెనక తలుపు రబ్బరు చిరిగి వాన నీళ్లు లోపలికి కారుతుంటే పోయిన వారం సర్వీసుకిచ్చింది. రబ్బరు మార్చారు. లోపలంతా ఆరబెట్టారు. బయట అద్దంలా కడిగి ఇచ్చారు. సంతోషంగా ఇంటికి తెచ్చి, నాయనమ్మను వెనక సీట్లో ఎక్కించుకుని వీధి మలుపు తిరిగిందో లేదో, లోపల ఎక్కడి నుంచో ఒక మూలుగు.

నాయనమ్మ అప్పటికప్పుడు దింపేయమంది. దిగి, చేతికర్ర మీద ఆనుకుని నిలబడి, ఈ బండికి తనను ఎక్కించుకోవడం ఇష్టం లేదని, అంత గట్టిగా చెప్పాక కూడా ఎక్కితే తనంత బుద్ధిలేనిది ఉండదని అంది.

ఆమె మాట కొట్టిపారెయ్యడానికి లేదు. నాయనమ్మకు రెండు కళ్లలోనూ పొరలు కమ్మాయి. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ ఎప్పటినుంచో చెబుతోంది. వెళ్లాల్సిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒకసారి దగ్గు, ఒకసారి మోకాలు, ఒకసారి ఎదురింటి కుక్క తనవైపు అదోలా చూసింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేనని డాక్టరమ్మ ఈసారి కాస్త కటువుగానే అంది. ఎలాగో బతిమాలి గురువారానికి ఒప్పించింది మనవరాలు. గురువారం ఎల్లుండే. అద్దె కారు ఎక్కదు నాయనమ్మ. ముక్కూ మొహం తెలియనివాడు నడిపే బండిలో కాలు పెట్టనని ఆమె పంతం. తల్లీ తండ్రీ ఉద్యోగాల మీద దూరంగా ఉంటే చిన్నప్పటి నుంచి తనను పెంచి పెద్దచేసిన మనిషి. ఆమె చూపు ఇప్పుడు ఒక వెనక సీటు మూలుగు దగ్గర ఆగిపోయింది.

షోరూంకి ఫోన్ చేస్తే సర్వీస్ అడ్వైజరట, ఒకతను మాట్లాడాడు. సర్వీసు అయిన కొత్తలో అలాగే ఉంటుందన్నాడు. నార్మల్ మేడం అన్నాడు. ఆమె ఏం చెప్పినా చివర ఆ ముక్క తగిలించాడు. ఆ సాయంత్రానికల్లా ఇంట్లో అతనికి నార్మల్‌గారు అని పేరు పడిపోయింది.

కౌంటర్ వెనక ఆ నార్మల్‌గారు ఆమె ఊహించినట్టు లేడు. నున్నగా, నవ్వుతూ, జారిపోయే మనిషిలా ఉంటాడనుకుంది. ఇతను సన్నగా ఉన్నాడు. నీలం చొక్కా మోచేతి దగ్గర గ్రీజు మరక. కూర్చోమని కుర్చీ చూపించి, ఏ చప్పుడో ఎలా ఉంటుందో చెప్పమన్నాడు.

మాటల్తో చెబితే మళ్లీ నార్మల్ అంటాడు. ఆమె కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, ఊపిరి పీల్చుకుని, ఆ చప్పుడు చేసి చూపించింది.

ఆటస్థలం ఈ చివర నుంచి ఆ చివరికి వినపడే గొంతు ఆమెది. హాల్లో కాఫీ తాగుతున్న పెద్దమనిషి కప్పు కిందపెట్టాడు. క్యాషియరమ్మ గాజు గదిలోంచి లేచి నిలబడి చూసింది. కొత్త కారు చూపిస్తున్న సేల్స్ పిల్లాడు తలుపు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

సర్వీస్ అడ్వైజర్ నవ్వలేదు. కళ్లు మూసుకుని విన్నాడు.

"చివర్లో పైకి లేస్తుందా మేడం, లేక అక్కడే ఆగుతుందా?"

"లేస్తుంది."

"ఇంకోసారి చెయ్యగలరా?"

ఎగతాళేమోనని అతని మొహంలోకి చూసింది. అక్కడ అలాంటిదేమీ లేదు. పంతులు చెప్పేది తప్పిపోకుండా వినే పిల్లాడిలా ఉన్నాడు. ఇంకోసారి చేసింది. ఈసారి ఎందుకో కొంచెం సిగ్గేసింది.

అతను నడుపుతుంటే ఆమె పక్క సీట్లో కూర్చుంది. బజారు వెనక గతుకుల రోడ్డు మీద తిప్పాడు, స్పీడ్ బ్రేకర్లు వెతికి మరీ ఎక్కించాడు. కారు పిల్లిలా వెళ్లింది. ఆమెకు కారు మీద కోపం వచ్చింది, నలుగురిలో పరువు తీసిందని.

తిరిగి వచ్చాక అతను స్టీరింగ్ మీద చేతులుంచి, జాగ్రత్తగా మొదలుపెట్టాడు. "ఇప్పుడైతే అంతా నార్..."

ఆమె చూసింది. మిగతా ముక్క మింగేశాడు.

"మీరు నమ్మట్లేదు," అంది.

"నమ్ముతున్నాను మేడం. వినపడట్లేదు, అంతే."

దారి పొడుగునా ఆ మాటే ఆమె చెవిలో ఉంది. ఎంత పోట్లాడదామని వెళ్లిందో అంతా అలాగే మిగిలిపోయింది. అతను దానికి చోటివ్వలేదు.

ఇంటికొచ్చి నాయనమ్మను బతిమాలి ఎక్కిస్తే, గేటు దాటకముందే మూలుగు. దింపితే లేదు. ఎక్కిస్తే ఉంది. మనవరాలు స్టీరింగ్ వదిలి, తనే వెనక్కి వెళ్లి నాయనమ్మ కూర్చునే చోట కూర్చుని ఒకసారి ఎగిరింది. మూలిగింది. అప్పుడు తెలిసింది, వెనక మనిషి ఉంటేనే చప్పుడు. షోరూంలో ఎవరు నడిపినా ముందు కూర్చుని నడిపేవాళ్లే.

ఫోన్ చేసి చెప్పింది. అతను అంతా విన్నాడు. తర్వాత, కస్టమర్లను వర్క్‌షాపు లోపలికి రానివ్వరని, పెద్దావిడను అంతదూరం తిప్పడమూ బాగుండదని, తన డ్యూటీ అయ్యాక తనే ఇంటికి వస్తానని అన్నాడు.

వచ్చేసరికి వాన పట్టుకుంది. నిలువునా తడిసి గేటు దగ్గర నిలబడి, కారు సీటు తడిసిపోతుందని ముందు తువ్వాలు అడిగాడు. తలకి కాదు, సీటు మీద పరవడానికి. ఆమె రెండు తెచ్చింది.

నాయనమ్మను అతనే చెయ్యిపట్టి ఎక్కించి, చుట్టూ తిరిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. డ్రిల్లు టీచరు బండి తీసింది.

"నార్మల్‌గారంటే నువ్వేనా అబ్బాయి?" అంది నాయనమ్మ.

వెనక చూసే అద్దంలో డ్రిల్లు టీచరు కళ్లు అటూ ఇటూ పరిగెత్తాయి. దాక్కోవడానికి చోటు దొరకలేదు.

"నేనేనండి బామ్మగారూ," అన్నాడతను, చాలా మామూలుగా. అద్దంలోకి మాత్రం ఒక్కసారి చూశాడు.

వీధి మలుపులో గతుకు వచ్చింది. మూలుగు వచ్చింది. వెనక ఇద్దరూ ఒకేసారి "అదీ" అన్నారు. గెలిచినంత సంబరం నాయనమ్మ మొహంలో ఉండటం సహజమే. అతని మొహంలో కూడా అంతే సంబరం ఉంది. తనదే తప్పని తేలబోతుంటే ఇంత ఆనందపడే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. చూస్తూ బ్రేకు కాస్త ఆలస్యంగా వేసింది.

ఆ కుదుపుకి అతనికి ఏదో గుర్తొచ్చింది. కస్టమర్ కారులో ఎక్కడ కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలని వాళ్ల షోరూం రూలు. మాటల్లో పడి మరిచిపోయాడు. తన బెల్టు లాగి తగిలించుకుని, నాయనమ్మ బెల్టు కూడా లాగాడు. ఇన్నేళ్లలో వెనక కూర్చుని బెల్టు కట్టించుకున్న పాపాన పోలేదని ఆవిడ అంటూనే ఉంది. అతను బెల్టు కొస చేత్తో పట్టుకుని, దాన్ని గుచ్చే లాకు కోసం సీటంతా తడిమాడు.

లాకు లేదు.

"మేడం, బండి పక్కకి ఆపండి."

నాయనమ్మను ముందు సీట్లోకి మార్చి, వానలోనే తలుపు తీసి మోకాళ్ల మీద కూర్చుని వెనక సీటు పైకెత్తాడు. లాకు అక్కడుంది. సీటు కింద, ఇనప రేకు మీద నలిగి, గీసుకుని, తెల్లగా మెరుస్తోంది. నీళ్లు ఆరబెట్టడానికి సీటు తీసి మళ్లీ బిగించినప్పుడు దాన్ని పైకి లాగడం మరిచిపోయారు. మనిషి బరువు పడ్డప్పుడల్లా అది రేకుని గీరుతోంది. ఆ ఇంట్లో వెనక ఎవరూ బెల్టు పెట్టుకోరు కాబట్టి అది లేదన్న సంగతే ఎవరికీ తెలియలేదు.

లాకు బయటికి లాగి, సీటు నొక్కి, తనే దాని మీద కూర్చుని పైకీ కిందికీ ఊగి చూశాడు. చప్పుడు లేదు.

"బండి ఇచ్చేముందు చూసి సరే అన్నది నేనే," అన్నాడు జుట్టులోంచి నీళ్లు కారుతుంటే. "ముందు కూర్చునే చూశాను. వెనక కూర్చుని చూడాలని తోచలేదు. ఫోన్లో మీ మాట కూడా సరిగ్గా వినలేదు. క్షమించండి."

ఆమె ఎవరూ సులువుగా తప్పు ఒప్పుకోరన్న లెక్కతో తయారైన మనిషి. తువ్వాలు చాపి, తల తుడుచుకోమని అంది.

ముందు సీట్లో నాయనమ్మకి సంబరం అంతా పోయింది. చప్పుడు పోయిందిగా, ఇంక గురువారం ఆస్పత్రికి వెళ్దామా అని మనవరాలు అడిగితే, అద్దం మీద జారే నీళ్లవైపు తిరిగి కూర్చుంది. ఆ నీళ్లు ఆమెకి కనపడుతున్నాయో లేదో.

"ఇంక నాకు చెప్పుకోడానికి ఏమీ లేదు కదే," అంది చివరికి. "ఇప్పుడు నీ మొహం మసకగానైనా తెలుస్తోంది. వాళ్లు కోసి, అది కూడా పోతే? వాళ్లు మాత్రం మనుషులు కారా, తప్పు చెయ్యరా?"

డ్రిల్లు టీచరు ఇన్నాళ్లూ దగ్గుతోనూ కుక్కతోనూ పోట్లాడిందే తప్ప, వాటి వెనక ఉన్నదాన్ని ఒక్కసారీ అడగలేదు.

అతను వెనక సీట్లోంచి కొంచెం ముందుకు వంగాడు.

"చేస్తారు బామ్మగారూ. నేనే చేశాను. పని చేసేవాళ్లు ఎక్కడైనా తప్పు చేస్తారు. కానీ మీ మనవరాలు వదిలిపెట్టే మనిషి కాదు. ఒక చిన్న చప్పుడు కోసం నన్ను కౌంటర్ నుంచి మీ వీధి మలుపు దాకా వానలో లాక్కొచ్చింది. ఇది మీ కన్ను. ఆ డాక్టరమ్మని ఊరికే వదులుతుందా? పాపం, నాకు ఆవిణ్ణి తలుచుకుంటేనే జాలేస్తోంది."

నాయనమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని మనవరాలు కంగారుగా వంగి చూసింది. నవ్వుతోంది.

"పోనీయవే ఇంటికి," అంది. "గురువారం తొందరగా లేపు."

గురువారం గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. సెలవు పెట్టాడట. ఎందుకని ఆమె అడగలేదు. నాయనమ్మ అడిగింది, వెనక సీటు ఎలా ఉందో చూడ్డానికని చెప్పాడు. దారంతా కారులో గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గతుకు వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఊపిరి బిగబట్టి, దాటాక వదిలారు.

నాయనమ్మను లోపలికి తీసుకెళ్లాక వరండాలో ఇద్దరే మిగిలారు. ఆమె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచింది. అతను బెంచీ మీద కూర్చుని ఆమె నడకనే చూశాడు.

"సీటు నిన్నగాక మొన్నే బాగైంది," అంది ఆగి. "చూశారు కూడా."

"చూశాను."

"మరి?"

అతను చేతులు చూసుకున్నాడు. "కౌంటర్ దగ్గర మీరు ఆ చప్పుడు చేసిన దగ్గర్నుంచీ ఒకటే అనిపిస్తోందండి. మీ కారుకి ఇంకేదైనా రిపేరు వస్తే బాగుండని. సర్వీస్ అడ్వైజర్ అనేవాడు అలా కోరుకోకూడదు. అందుకని కారుతో పనిలేకుండా వద్దామని వచ్చాను."

మేడం అనలేదని ఆమె గమనించింది. బెంచీ రెండో చివర కూర్చుంది. మధ్యలో ఇద్దరు కూర్చునేంత చోటు వదిలింది, కాసేపటికి అందులో సగం తగ్గించింది.

"నేను ప్రతి చిన్నదానికీ నిలదీస్తాను," అంది. "తర్వాత విసుక్కుంటే ఊరుకోను."

"వెనక కూర్చుని కూడా చూసుకున్నానండి," అన్నాడతను. "విసుగు లేదు."

లోపల నుంచి డాక్టరమ్మ వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పింది. డ్రిల్లు టీచరు లేచి నిలబడింది. ఏదో అడగబోయి, అడగాల్సిందేమీ లేదని తెలిసి, మళ్లీ కూర్చుండిపోయింది. అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

ఆ సాయంత్రం కంటికి కట్టుతో పడుకున్న నాయనమ్మకు మనవరాలు మెల్లగా సంగతి చెప్పింది. నాయనమ్మ అవుననలేదు, కాదనలేదు. ఇప్పటిదాకా ఆ అబ్బాయి తనకి ఒక గొంతూ ఒక నీలం మరకానూ అని, కట్టు విప్పాక చూసి చెప్తానని అంది. ఆ రాత్రి డ్రిల్లు టీచరుకి నిద్ర సరిగా పట్టలేదు. నాయనమ్మ కాదంటే ఆమె ఏం చెయ్యగలదు?

మర్నాడు కట్టు విప్పించుకుని ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మెట్ల దగ్గర అతను చెప్పులు విడిచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. నాయనమ్మ దగ్గరగా వెళ్లింది. చాలాసేపు చూసింది. గడ్డం, చెవులు, ఇస్త్రీ సరిగా లేని కాలరు, అన్నీ చూసింది. అతను కదలకుండా చూపించుకున్నాడు. తర్వాత తిరిగి మనవరాలి మొహం చూసింది, అంతకంటే ఎక్కువసేపు.

"ఎంత చిక్కిపోయావే," అంది.

కర్ర గోడకానించి, చెయ్యి కడుక్కోవడానికి లోపలికి నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది: "అతనికీ పళ్లెం పెట్టు."

డ్రిల్లు టీచరు మూడు పళ్లేలు వేసింది. అన్నం వడ్డించింది. డాక్టరమ్మ గట్టిగా మాట్లాడవద్దంది, నవ్వవద్దంది కాబట్టి నాయనమ్మ మాట్లాడలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నవ్వు ఆగదని తెలిసి మిగతా ఇద్దరూ పళ్లేల్లోంచి తలెత్తలేదు. నాయనమ్మ మాత్రం అన్నంలో మెతుకుల్ని విడివిడిగా చూసుకుంటూ, మధ్యమధ్య తలెత్తి అతన్ని ఒకసారి, మనవరాల్ని ఒకసారి చూసుకుంటూ, మెల్లగా, ఆఖరి ముద్ద దాకా తింది.