పూడ్చిన గది

ఎడారి అంచునున్న మత్మాతా కొండల్లో ఇల్లు కట్టరు, తవ్వుతారు. ముందు నేలలో పెద్ద గొయ్యి. అదే వాకిలి. దాని చుట్టూ గోడల్లోకి గుహల్లా గదులు. పైనుంచి దిగడానికి వాలుగా ఒక సొరంగం. మట్టి మంచిదైతే మూడు తరాలు చల్లగా బతకొచ్చు. కాకపోతే పడుకున్న చోటే సమాధి. అందుకే పికాసు ముట్టుకునే ముందు ఎవరైనా సరే దావ్ మామని పిలవాల్సిందే.

దావ్‌కి డెబ్బై దాటాయి. నేల మీద బోర్లా పడుకుని, చెవి ఆనించి, పికాసు కర్రతో కొట్టి వింటాడు. లేచి గీత గీస్తే అక్కడ ఇల్లు తవ్వుతారు. దుమ్ము దులుపుకుని వెళ్ళిపోతే అక్కడ మేకల్ని కూడా కట్టరు.

ఒక ఏడు అదే ఊరి ఫర్జానీ ఆయన్ని పిలిచాడు. పెళ్ళయినప్పటినుంచీ అన్న ఇంట్లోనే, పొగచూరిన ఒక మూలగదిలో కాపురం. ఆ గదిలోనే భార్య మబ్రూకాకి రెండు కాన్పులయ్యాయి. రెండూ దక్కలేదు. మూడోది సొంత ఇంట్లో పుట్టాలని ఆమె పట్టు.

వాకిలి తవ్వడం అయ్యాక దావ్ నాలుగు గోడలూ కొట్టి చూశాడు. ఉత్తరం గోడ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

"ఈ గోడ ముట్టుకోకు."

"ఏం మామా, రాయి ఉందా?"

"రాయి ఉంటే నీకు ఒళ్ళు వంగుతుందిలే, మంచిదే. ఇది మెత్తన. ఒకసారి తవ్వి మళ్ళీ పూడ్చిన మట్టి."

"ఎవరిదో పాత ఇల్లయి ఉంటుంది."

"ఇల్లు పాడైతే జనం వదిలేసి పోతారురా. గంపలు గంపలు మోసుకొచ్చి కప్పుదాకా కూరతారా? ఎవరికీ అంత సరదా ఉండదు. దక్షిణం వైపు తవ్వుకో. ఆలస్యమైతే కానీ. నీ పెళ్ళాం కంటుంది, నువ్వు కాదు. నీకెందుకు తొందర?"

అది చెప్పి దావ్ పక్క లోయలో ఇంకో ఇంటి పనికి వెళ్ళాడు.

దక్షిణం మట్టి ఇనుములా ఉంది. నెల తిరిగినా గది సగం కాలేదు. మబ్రూకాకి ఎనిమిదో నెల వచ్చింది. ఒకరోజు కోపంలో ఫర్జానీ పికాసు ఉత్తరం గోడకేసి కొట్టాడు. మట్టి రవ్వలా జలజలా రాలింది.

ఆరు రోజుల్లో గది తేలింది. మెత్తని మట్టి తోడేకొద్దీ లోపల గుండ్రటి కప్పు, పక్కగోడల మీద పాత పికాసు గాట్లు కనబడ్డాయి. "దేవుడు తవ్వి పెట్టాడే," అన్నాడు ఫర్జానీ, భార్యతో. దావ్ మాట ఆమెకి చెప్పలేదు. ఏడో రోజు చాప, కంబళి తెచ్చి పరిచాడు.

ఆ గది ఎంత చల్లగా ఉండేదంటే, మండుటెండలో కూడా మబ్రూకా కంబళి కప్పుకునేది. తడిసిన ఉన్ని వాసన. దీపం పెట్టినా వెనక మూలకి వెలుగు అందేది కాదు. రోజూ ఆ వెనక గోడ మొదట్లో గుప్పెడు కొత్త మట్టి కనబడేది.

"ఎలుకలు," అన్నాడు ఫర్జానీ. చిమ్మేశాడు.

తరవాత అది గుప్పెడు కాదు, చాటెడు.

ఒక మిట్టమధ్యాహ్నం బావినుంచి నీళ్ళ తిత్తి మోసుకొచ్చి వాకిట్లో దించాడు. లోపల మబ్రూకా నవ్వుతోంది. మెల్లగా, దుప్పటి ముసుగులో మొగుడితో నవ్వినట్టు.

"ఎవరితోనే?"

చీకట్లోంచి ఆమె గొంతు. "ఎవరితోనా? నీతోనే కదా. పాప ఎప్పుడొస్తుందని పొద్దుటినుంచీ ప్రాణం తీస్తున్నావు."

"నేను బావి దగ్గరున్నాను, మబ్రూకా."

లోపల నవ్వు ఆగింది.

"మరి గోడవతల..."

ఫర్జానీ లోపలికెళ్ళి ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆమె లేవలేదు. రెండు చేతులూ పట్టి లాగినా కదల్లేదు, నేలలో నాటినట్టుంది. పైకొచ్చి గాడిదెక్కి, దావ్ కోసం పక్క లోయకి దౌడు తీశాడు.

దావ్ దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. "చెవులు పెట్టాడు దేవుడు నీకు, గాడిదకి పెట్టినట్టు! అది నయం, అదిలిస్తే వింటుంది." గదిలో అడుగు పెట్టగానే ఆయన నోరు మూతపడింది. దీపం ఎత్తి పక్కగోడ మీది గాట్లు వేలితో తడిమాడు.

"తవ్వేవాడు ఎటు నిలబడ్డాడో గాటు చెబుతుంది," అన్నాడు గుసగుసగా. "మనం వాకిట్లోంచి లోపలికి తవ్వుతాం. ఇది అటునుంచి వాకిలి వైపు తవ్వుకుంటూ వచ్చింది."

"వచ్చిందా... ఏది మామా?"

దావ్ దీపం కింద పెట్టాడు. వెనక గోడకి చెవి ఆనించాడు. తరవాత, అలవాటుకొద్దీ, కొట్టి చూద్దామని పికాసు కర్ర ఎత్తాడు.

టక్.

కర్ర ఇంకా గాల్లోనే ఉంది.

ఆయన చెయ్యి వెనక్కి తీశాడు. మళ్ళీ ఎత్తాడు...

టక్. టక్.

"అమ్మాయిని తీసుకుపో," అన్నాడు దావ్. "పరిగెత్తకు. మెల్లగా."

మబ్రూకా అరచెయ్యి గోడకి అంటుకుపోయి ఉంది. "ఉండు... ఏదో చెబుతున్నాడు," అంది. దావ్ ఆమె వేళ్ళు ఒక్కొక్కటే గోడనుంచి విడదీశాడు. ఫర్జానీ ఆమెని చేతుల మీద ఎత్తుకుని గుమ్మం దాటాడు. వెనక పెళపెళమని శబ్దం. దావ్ బయటికి రాకముందే కప్పు కూలింది. దుమ్ము వాకిలంతా నిండి ఎండని మింగేసింది.

దగ్గు... మట్టి రాలడం.

గుమ్మం పైభాగంలో జానెడు సందు మిగిలింది. అందులోంచి దావ్ గొంతు వినబడింది.

"పూడ్చెయ్!"

ఫర్జానీ పార పట్టుకున్నాడు. దాన్ని మట్టిలో గుచ్చి, సందుకేసి చూస్తూ ఉండిపోయాడు.

"పూడ్చెయ్‌రా, చూస్తావేం!"

 మళ్ళీ అదే గొంతు. అదే బొంగురు. కానీ దగ్గు లేదు, ఆయాసం లేదు.

"పూడ్చకు ఫర్జానీ. బతికే ఉన్నాను. చెయ్యి అందించు."

సందులోకి మట్టి అంటిన వేళ్ళు వచ్చాయి. ముసలి వేళ్ళే. దావ్‌వే అయి ఉండాలి.

"మామా..." అన్నాడు ఫర్జానీ. ఏడుస్తున్నాడు. "పూడ్చమన్నది నువ్వా, వద్దన్నది నువ్వా, మామా?"

"నేనే," అంది గొంతు.

ఫర్జానీ మట్టి వేశాడు. వేళ్ళు కనబడకుండా పోయేదాకా వేశాడు. జనం వచ్చేసరికి గుమ్మం మూసుకుపోయి ఉంది. మామ మీద కప్పు కూలిందని చెప్పాడు. అది అబద్ధం కాదు. తవ్వి తీద్దామని నలుగురు కుర్రాళ్ళు పికాసులు ఎత్తారు. దావ్ అక్క తెల్జా, ఊళ్ళో అందరికంటే పెద్దావిడ, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తవ్వనివ్వలేదు. ఎందుకో చెప్పలేదు.

వాకిలి కూడా పూడ్చేసి, ఫర్జానీ భార్యతో అన్న ఇంటికే తిరిగొచ్చాడు. ఇరవై రోజులకి ఆ మూలగదిలోనే ఆడపిల్ల పుట్టింది. ఈసారి బిడ్డ దక్కింది. చక్కగా పాలు తాగింది. మబ్రూకా సంతోషం చూసి ఫర్జానీకి చాలా రోజుల తరవాత నిద్ర పట్టింది.

ఏడో రోజు పేరు పెట్టే వేడుకకి మేకని కోశారు. తెల్జా కూడా వచ్చింది. పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని, నుదుట ఆలివ్ నూనె రాసి అడిగింది.

"ఏం పేరు పెడుతున్నావే తల్లీ?"

మబ్రూకా అరచెయ్యి పక్కగోడకి ఆనించి చెప్పింది. ఫర్జానీ ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఆ కొండల్లో అలాంటి పేరు లేదు. అది ఏ భాషో కూడా తెలియలేదు.

తెల్జా పాపని తల్లి ఒడిలో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా సొరంగం ఎక్కింది. ఫర్జానీ వెంటపడి సగం దారిలో ఆపాడు.

"ఏమైంది అవ్వా?"

ముసలావిడ అతని చెవిలో అంది. "ఆ పేరు పెట్టి పిలవనివ్వకురా. పిలిస్తే పలికేది నీ బిడ్డొక్కతే కాదు."

ఆమె వెళ్ళిపోయింది. కింద మబ్రూకా పాపని ఊపుతూ ముద్దుగా ఆ పేరు పిలిచింది. పాప గాఢనిద్రలో ఉంది.

అయినా గోడవతలనుంచి ఎవరో "ఊఁ" అన్నారు.