అరచేతి వాసన

దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో పొద్దంతా నిలబడి, ఎల్బీనగర్‌లో కిరాయి ఇంటికి చేరేసరికి రెబెక్క కాళ్ళు ఆమె మాట వినవు. అయినా ఇంట్లోకి రాగానే మొదటి పని ఒకటే. తొమ్మిదో తరగతి చదివే కొడుకు జాషువా అరచెయ్యి పట్టుకుని వాసన చూడాలి. పంక్చర్ సొల్యూషన్ వాసన సబ్బుతో కడిగినా ఓ పట్టాన పోదని ఆమెకు తెలిసొచ్చింది.

ఎండాకాలంలో వాడి దోస్తు, పై వాటాలో ఉండే సాయినాథ్, మత్తు కోసం ఆ సొల్యూషన్ పీల్చీ పీల్చీ సగం కట్టిన బిల్డింగులో చనిపోయి దొరికాడు. ఆ రోజు నుంచి తను ముట్టుకోలేదంటాడు జాషువా. నమ్మాలని ఆమెకు ఎంత ఆశో. నమ్మి కొడుకును పోగొట్టుకుంటే? అందుకే రోజూ ఈ తనిఖీ. వాడికీ విసుగే, ఆమెకూ విసుగే. ఒక్కపూటైనా వాసన చూడకుండా అన్నం పెట్టగలిగితే చాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం వాన. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె లోపలికి వచ్చిందో లేదో కరెంటు పోయింది. పైన ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. హైవే మీద లారీల మోత కూడా వానలో కలిసిపోయింది.

"జాషూ, చెయ్యియ్యి బిడ్డా," అంది, మంచం మీద కూలబడుతూ.

పక్కన పరుపు కుంగింది. ఓ చెయ్యి ఆమె చేతిలోకి వచ్చింది. చల్లగా ఉంది. తడిసొచ్చాడనుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

గుప్పుమంది. అదే వాసన.

కోపం కూడా రాలేదు ఆమెకు. ఏడుపొచ్చింది. "మళ్ళ మొదలువెట్టినవారా? నాకు ఓపిక లేదురా ఇంక..."

మణికట్టు దగ్గర ఆమె వేలికి దారం తగిలింది. నానిన దారం. చర్చికి పోయే తన కొడుకు చేతికి దారం ఎక్కడిది?

సాయినాథ్‌కి ఉండేది. వినాయకుడి మండపంలో కట్టించుకున్న ఎర్రదారం.

వదిలెయ్యాలనుకుంది... వేళ్ళు విడిరాలేదు.

చెవి పక్కనే ఎవరో గుసగుసగా... "వాడు మానేసిండు ఆంటీ... నాతోని అయితలేదు... ఆడ ఒక్కన్నే కూసుంటున్న..."

"ప్రభువా," అంది.

లైటు వచ్చింది. పక్కన ఎవరూ లేరు. మెట్ల మీద చెప్పుల చప్పుడై, జాషువా కొవ్వొత్తుల ప్యాకెట్‌తో లోపలికొచ్చాడు. దుకాణానికి పోయొచ్చానన్నాడు. అలవాటు ప్రకారం, అడక్కుండానే చెయ్యి చాపాడు. ఆమె వాసన చూసింది. వాన వాసన, మైనం వాసన. అంతే.

వాణ్ణి గుండెకు హత్తుకుంది. "నమ్ముతున్న బిడ్డా. ఇగ చూడ, ఎన్నడు చూడ."

అప్పుడు కనబడింది, వాడి రెండో చేతికి. తడిసిన ఎర్రదారం.

"ఇది... ఎవరు కట్టిన్రు?"

జాషువా వింతగా చూశాడు. "ఇందాక చీకట్ల, మెట్ల మీద నువ్వే గదా మమ్మీ కట్టినవ్. జర గట్టిగ కట్టినవ్. ఎంత గుంజినా ఊడొస్తలేదు."