వినోద గెలిచిన గ్లాసు

గ్లాసు చేతికందగానే వినోద మొదటి చుక్క కిందికి వొంపింది. అది నేల మీద పడలేదు. పక్కన నిలబడ్డ రమాకాంత్ తెల్ల బూటు మీద పడింది.

"ఏంది మేడం ఇది?"

"సాక," అంది వినోద నాలుక కరుచుకుని. వాళ్లది వర్ధన్నపేటలో కల్లు గీసే ఇల్లు. అమ్మవారికి ఇంత ధార పోయనిదే అక్కడ ఎవరూ గ్లాసు నోట పెట్టరు. "అలవాటుల పోసిన. అమ్మవారికి."

"మీ అమ్మవారు నా బూట్ల ఉంటదా?"

ట్రైనింగ్ హాలంతా నవ్వింది. వినోద ముఖం చేతిలోని వైన్ కంటే ఎర్రబడింది.

హన్మకొండలోని ఆ హోటల్ కొత్తగా పోర్చుగల్ వైన్లు తెప్పించింది. వాటిని అతిథులకు పరిచయం చేసే కొలువు మాత్రం ఒక్కటే. రుచి చూసి ఏ ప్రాంతానిదో చెప్పినవాళ్లకే అది. అక్కడే సర్వర్లుగా ఉన్న వినోద, రమాకాంత్ ఇద్దరికీ అదే కావాలి.

వానాకాలమంతా కలిసి నేర్చుకున్నారు, కలిసి కొట్లాడుకున్నారు.

"విన్యో వెర్దే వైన్ పోర్చుగల్ ఉత్తరం దిక్కుది. ఆడ వానలెక్కువ. పుల్లగ, నాలుక మీద చిటచిటలాడాలె," అనేవాడు రమాకాంత్.

"అచ్చం నీ మాటల్లెక్క."

"అలెంతేజోది ఎండలు మండే మైదానం. పండిన పండు లెక్క మెత్తగుంటది. నీ లెక్క మాత్రం కాదు."

ఆమె కోపం నటించి కిటికీ వైపు తిరిగేది. వాన చూసేది. అద్దంలో అతన్ని కూడా చూసేది.

పోటీ రోజు ట్రైనర్ ఓంప్రకాశ్ సార్ పేర్లు లేని గ్లాసులు వరుసగా పెట్టాడు. ఇద్దరూ తడుముకోకుండా చెప్పుకొచ్చారు. చివరి రెడ్ వైన్ దగ్గర రమాకాంత్ ఆమె వైపు చూసి, "తెల్వది సార్," అనేశాడు.

వినోద గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఇది చెల్లదు సార్. ఈయన కావాలని నాకు ఇడిచిపెడుతాండు. మళ్లా పెట్టుండ్రి."

"అరె, జర ఆగు వినోదా..."

"నాకు దానం వద్దు. గెలిస్తే నా నాలుకతోనే గెలుస్త."

ఓంప్రకాశ్ నవ్వి, గుడ్డ చుట్టిన కొత్త సీసా తెరిచాడు. ఈసారి రమాకాంత్ కళ్లు మూసుకుని తాగాడు. "దోరో సార్. రాతి కొండల మీది ఎండ తెలుస్తాంది."

వినోద గుటక వేయకుండా కాసేపు నోట్లో ఉంచుకుంది.

"కాదు సార్. దోరో అయితే ఇంకా బరువుంటది. ఇది కొండల నడుమ, అడవుల చల్లదనంల పెరిగిన ద్రాక్ష. దావ్ ప్రాంతానిది."

సార్ గుడ్డ తీశాడు. దావ్!

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టింది రమాకాంతే.

"ఇప్పుడన్న నమ్ముతవా? ఇందాక నిజంగనే తెల్వలే," అన్నాడు దగ్గరికొచ్చి.

"ఎందుకు తెల్వలే?"

"నిన్ను చూసుకుంట తాగిన. ఇగ రుచేం తెలుస్తది?"

వినోద ఫోన్ తీసి తల్లి మొగిలమ్మకు కలిపింది.

"అవ్వా, గెలిచిన! కొలువు నాదే! ఆదివారం ఇంటికొస్తాన. ఓడినోన్ని గూడ తోలుకొస్తాన."

"ఓడినోడు మనకెందుకే?"

"నాకు కావాలె అవ్వా."

అవతల మొగిలమ్మ గొంతు పక్కనున్నవాళ్లకు కూడా వినబడేంత గట్టిగా లేచింది. "అయితే కోడిని కోస్త. పిలగాడు కారం తింటడా, అడుగు!"

"తింట అత్తమ్మా!" అని ఫోన్‌లోకి అరిచాడు రమాకాంత్.