బుడ్డికి చెప్పిన పేరు

లండను వంతెనకు దక్షిణాన, తోళ్లు పదును చేసే వీధి వెనక, లారెన్స్ ట్వైన్ ఇల్లు. పొయ్యి మీద బార్లీ గంజి ఉడుకుతోంది. నవంబరు నెల కావడంతో మధ్యాహ్నం దాటిన కొద్దిసేపటికే కిటికీలో వెలుతురు సన్నగిల్లింది. నది మీంచి లేచిన పొగమంచు బొగ్గుపొగతో కలిసి వీధిని కమ్ముకుంటోంది. గోడ పక్క మంచం మీద అతని భార్య థామసిన్ దిండ్లకు ఆనుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరాడదు. మొహం, పొట్ట ఉబ్బిపోయాయి. కాళ్లు వేలితో నొక్కితే సొట్ట పడుతున్నాయి.

"గంజి అడుగంటుతోంది," అంది. "ఊళ్లో ఎవరు దొంగచాటుగా రోగాలకు మందు కాచినా మీ ముక్కుకు తెలుస్తుంది. సొంతింటి గంజి తెలీదు."

వేళాకోళానికే అంది. అతను నవ్వకుండా కుండ దించాడు.

లారెన్స్ వైద్యుల సంఘంలో బంట్రోతు. ఆ సంఘం అనుమతి లేకుండా నగరంలో ఎవరూ వైద్యం చేయకూడదని రాజాజ్ఞ. చేసేవాళ్లను పట్టుకోవడం అతని పని. రోగి తాలూకు మనిషిలా వెళ్లి, కళ్లనీళ్లు పెట్టుకుని, మందు ఇప్పించుకుని, ఆ తర్వాత సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. పనిలో భాగంగా అబద్ధం చెప్పేవాడికి అది అబద్ధం అనిపించదు, పని అనే అనిపిస్తుంది. లారెన్స్‌కు కూడా కిందటి చలికాలం దాకా అలాగే అనిపించింది.

ఉర్సులా కాపిన్ అనే ముసలావిడ నదిగట్టు సందులో మూత్రం చూసి రోగం చెబుతుందని సంఘానికి తెలిసింది. పెద్దలు ఆసుపత్రి నుంచి ఒక మూత్రం బుడ్డి తెప్పించి లారెన్స్ చేతికిచ్చారు. ఉబ్బు రోగంతో ఆ ఉదయమే ప్రాణం పోతున్న ఎవరిదో అది. నీ పడుచు పెళ్లానిదని చెప్పు, ఏమంటుందో చూద్దాం, అన్నారు.

ఉర్సులాది ఒకటే పద్ధతి. బుడ్డి తెచ్చినవాణ్ణి ముందు "ఎవరిది?" అని అడుగుతుంది. పేరు చెబితే, ఆ పేరు బుడ్డి దగ్గర నోరు పెట్టి మెల్లగా పలుకుతుంది. ఆ తర్వాతే వెలుతురుకు ఎత్తి చూస్తుంది.

"పేరు లేనిది చూడను నాయనా," అంది ఆ రోజు. "రోగానికి ఇల్లు తెలియాలి కదా."

లారెన్స్ నోటికి వచ్చిన మొదటి ఆడపేరు చెప్పాడు. థామసిన్.

ఆవిడ నమ్మింది. కంగారుపడింది. పొడి మందు పొట్లం కట్టి, వాకిలి దాకా వచ్చి అతని భుజం తట్టింది. మర్నాడే ఆమెను పట్టుకొచ్చి సంఘం పెద్దల ముందు నిలబెట్టారు. మగవాడి బుడ్డి, అందులోనూ చచ్చినవాడి బుడ్డి చూసి ఆడదానికి మందిచ్చిందని చదివి వినిపించారు. ముసలావిడ వాళ్లవైపు చూడలేదు. లారెన్స్ వైపు తిరిగింది.

"అయితే థామసిన్‌కి జబ్బేమీ లేదా నాయనా?" అంది. "పోనీలే. రాత్రంతా ఆ పిల్ల కోసం దేవుణ్ణి అడుగుతూ కూర్చున్నాను."

గదిలో అందరూ నవ్వారు. లారెన్స్ కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడు.

ఆవిడను చెరలో వేశారు, అక్కడే జ్వరంతో పోయింది. భార్య పేరు ఎక్కడ, ఎందుకు వాడాడో అతను ఆమెకు చెప్పలేదు. ఈ వేసవి చివర ఆమె కాళ్లు వాచడం మొదలయ్యాక అసలు చెప్పలేకపోయాడు.

ఈ రోజు పొద్దున అతను థామసిన్ బుడ్డిని పేము బుట్టలో పెట్టుకుని, సంఘం పెద్దల్లో ఒకరైన డాక్టర్ విన్‌గేట్ గారింటికి వెళ్లాడు. డాక్టరు బుడ్డిని కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. మూత తీసి వాసన చూశాడు. మొహం ముడిచాడు.

"ఏమయ్యా, నా దగ్గరేనా నీ నాటకం?" అన్నాడు.

"అయ్యా?"

"ఆ ముసలిదానికి చూపించడానికి తెప్పించిన బుడ్డే ఇది. ఈ రంగు నేను మరిచిపోలేదు. బతికున్న మనిషిది కాదు. నన్ను పరీక్షించమని ఎవరు పంపారు నిన్ను?"

"పొద్దున నా చేతులతో పట్టుకొచ్చానయ్యా. మా ఆవిడదే."

"ఆ ముసలిదాని దగ్గరా ఈ మాటే చెప్పావు," అని డాక్టరు తలుపు చూపించాడు.

ఆయన గెంటేసిన మనిషిని సంఘంలో ఇంకే వైద్యుడూ రానివ్వడు. అనుమతి లేనివాళ్లందరికీ అతని మొహం తెలుసు. చూడగానే తలుపులు మూస్తారు. ఇప్పుడు మంచం మీద థామసిన్ ఊపిరి కోసం నోరు తెరుస్తోంది. ఉర్సులా ఇంట్లో పొడి మందు ఇంకా మిగిలి ఉంటుందని గుర్తొచ్చింది. గంజి గిన్నె భార్య చేతికిచ్చి, ఇప్పుడే వస్తానని చెప్పి, బుడ్డి బుట్ట తీసుకుని బయల్దేరాడు. బుడ్డి ఎందుకు తీసుకెళ్తున్నాడో తనకే తెలియదు.

సందు మొదట్లో చేపలమ్మే మనిషి గంప సర్దుకుంటోంది. అతణ్ణి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం బంట్రోతుగారూ, చచ్చినదాన్ని కూడా పట్టుకుపోవడానికొచ్చారా?"

అతను తల దించుకుని దాటిపోయాడు. సందులో పొగమంచు చిక్కగా ఉంది. బురద, కుళ్లిన చేప, నది వాసన. గోడ తడుముకుంటూ నడిచాడు. ఉర్సులా తలుపుకు అడ్డంగా కొట్టిన చెక్కలు అతను స్వయంగా కొట్టినవే. చెయ్యి పెట్టి వెతికాడు. చెక్కలు లేవు. తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే.

తోశాడు.

లోపల మాచిపత్రి వాసన. వెనిగర్ వాసన. వాటి అడుగున ఇంకొకటి... తడిసి కుళ్లిన గడ్డి వాసన. చెరలో ఖైదీల కింద పరిచే గడ్డి అలా ఉంటుంది. పొయ్యిలో నిప్పు లేదు. అయినా పొయ్యికి ఎదురుగా, ఇటు వీపు పెట్టి, ఎవరో కూర్చున్నారు.

"తలుపు వెయ్యి నాయనా. చలి."

అతను వేశాడు. ఎందుకు వేశాడో... చెయ్యి దానంతటదే వేసింది.

వీపు తిరగలేదు. ఒక చెయ్యి మాత్రం వెనక్కి చాచుకుంది. అతను బుడ్డి అందులో పెట్టాడు.

"ఎవరిది?"

"నా భార్యదమ్మా. థామసిన్‌ది."

"పోయినసారీ అదే చెప్పావు."

గొంతులో కోపం లేదు.

"అప్పుడు... అబద్ధం చెప్పాను."

"మరి అది ఎవరిది?"

"ఆసుపత్రిలో ఒకతనిది. పోతున్నవాడు."

"పేరు?"

అడగలేదు. ఆ బుడ్డి చేతిలో పట్టుకుని ఊరంతా నడిచాడు, ఆ మనిషి పేరేమిటని ఒక్కరినీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. చీకట్లో అతని చెవులు వేడెక్కాయి.

"తెలీదు," అన్నాడు. "అతను పోయాడమ్మా."

"మనిషి పోయాడు. రోగం పోలేదు. నువ్వు చూపించిన ఇంట్లో చేరింది." బుడ్డిని ఒళ్లో పెట్టుకుంది. "దాన్ని అక్కణ్ణుంచి లేపాలంటే ఇంకో పేరు కావాలి. చెప్పు. ఎవరిదందాం?"

అతనికి అర్థమైంది. చెప్పాల్సిన పేరు ఒకటే, తనది. అది నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ నొక్కితే సొట్ట పడే కాళ్లు కళ్లముందు మెదిలాయి, ఈసారి అవి తన కాళ్లు. పడుకోలేని రాత్రులు... ఊపిరి కోసం తెరుచుకున్న నోరు...

ఆవిడ ఎదురుచూస్తోంది. తొందరపెట్టలేదు.

"క్రిస్పిన్," అన్నాడు.

ఆ పేరుగల మనిషి అతని ఎరుకలో లేడు. వీధిలో లేడు, వంశంలో లేడు. లేని మనిషికి ఏ కీడు జరుగుతుందిలే అనుకున్నాడు.

"నిజమేనా నాయనా?"

"నిజమే."

బుడ్డి పైకి లేచింది. ఆ చీకట్లో ఒక నోరు దాని దగ్గరికి వంగింది. ఎంతో మెల్లగా, నిద్రపోయే పిల్లవాణ్ణి పిలిచినట్టు, ఆ పేరు పలికింది.

అతను ఇంటిదాకా పరుగెత్తాడు.

థామసిన్ నిలబడి ఉంది. పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెలో అడుగున మిగిలిన గంజిని గరిటెతో గీకుతోంది. మొహం వాపు దిగిపోయింది. కాళ్లు పెళ్లినాటి కాళ్లలా సన్నగా ఉన్నాయి. హాయిగా ఊపిరి పీలుస్తోంది.

"ఎక్కడ తిరుగుతున్నారండీ ఈ మంచులో?" అంది. "ఇటు రండి. చెయ్యి ఇలా ఇవ్వండి."

అతని చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. ఒళ్లంతా వాపు దిగినా పొట్ట మాత్రం తగ్గలేదు. లోపల ఏదో కదిలింది. చిన్న మడమలాంటిది అతని అరచేతిని తన్నింది.

"ఇన్నేళ్లకి," అంది థామసిన్. కళ్లు తుడుచుకుంది. "జబ్బు చాటున ఉండిపోయాడు, మనకే తెలీలేదు. మీరు వెళ్లాక ఒక పెద్దావిడ వచ్చింది. నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిసికింది. తల్లిలా చూసిందనుకోండి. మగపిల్లాడంది. పేరు కూడా తనే చెప్పింది."

లారెన్స్ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.

"ఏం పేరు?"

"అదేంటి, మీరే చెప్పారటగా. క్రిస్పిన్." ఆమె నవ్వింది. "మన రెండు వైపులా ఎవరికీ లేని పేరు. ఎక్కడ దొరికిందండీ మీకు?"

చెప్పడానికి ఇదే సమయం. బుడ్డి సంగతి, తన నవ్వు సంగతి, ఇప్పుడు చెప్పి వచ్చిన పేరు సంగతి, అన్నీ. భార్య సంతోషంగా అతని మొహంలోకి చూస్తోంది. అతను నోరు తెరిచాడు.

"ఎక్కడో విన్నాను," అన్నాడు.

అరచేతి కింద కదలిక ఆగిపోయింది. కొంతసేపటికి మళ్లీ మొదలైంది, ఇదివరకటి కంటే బరువుగా.

"పురుడు తనే పోస్తానంది," అంటోంది థామసిన్. "పిలవక్కర్లేదట, తెలుస్తుందట. ఆ రోజు మిమ్మల్ని మాత్రం గుమ్మంలోనే ఉండమంది. పిల్లాణ్ణి ఎత్తుకుని ముందు మీ దగ్గరికే వస్తుందట. మిమ్మల్ని ఎప్పుడూ అడిగే ఆ ఒక్కమాటే అడగాలట."