నిలవని ఆదివారం

దవాఖానలో కళ్లు తెరిచిన మూడో రోజు దినేశ్ అఖిలను గుర్తుపట్టాడు. ఆమె చాయ్‌లో చక్కెర వేసుకోదని కూడా గుర్తుంది. గుర్తులేనిదల్లా అంతకుముందటి ఆదివారం.

ఆ రోజు భువనగిరి గుట్ట మీద, సన్నటి వానలో, ఏడాదిగా నాన్చుతున్న పెళ్లి మాట అతను అడిగేశాడు. అఖిల సరేనంది. గంట తర్వాత ఒక్కడే ఇంటికి పోతుంటే పోచంపల్లి తోవలో అతని బండి జారింది.

అఖిల ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలుంటాయి. అవి తమ పని చేస్తేనే కొత్త సంగతి నిలుస్తుంది. అందుకు కొంత సమయం కావాలి. తలకు తగిలిన దెబ్బతో ఆ పని మధ్యలోనే ఆగిపోయింది.

చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. గుర్తులేని మాటకు మర్యాద కోసం కట్టుబడతాడేమోనని మింగేసింది.

దినేశ్ ఇంటికి చేరాక ఫోన్లు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. అడిగిన మాటతో పాటు తన మీది ఇష్టం కూడా చెరిగిపోయిందా అని అఖిల నెల రోజులు కుమిలింది. చివరికొక శనివారం పోచంపల్లి బస్సెక్కింది.

అతను తల్లి వెంకటనర్సమ్మ మగ్గం పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. ఆమె ఇద్దరినీ చూసి, చాయ్ పెడతానని లోపలికి పోయింది.

"ఫోన్ ఎందుకు చేస్తలేవు?" అంది అఖిల.

ఆ ఆదివారం దినేశ్ గుట్టకు ఎందుకు వెళ్లాడో అతని స్నేహితుడు విజేందర్ చెప్పాడట. "నువ్వు గా ముచ్చటే ఎత్తలే. వద్దన్నవని సమజైంది. దెబ్బ తిన్నోడని జాలితోని మాట్లాడుతున్నవనుకున్న."

అఖిలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సరేనన్న దినేశ్. నీకు యాది లేదు గని, సరేనన్న."

సంతోషం కంటే ముందు దిగులే కనిపించింది అతని ముఖంలో. "నా బతుకుల గదే పెద్ద దినం. నా దగ్గరనే లేకపాయె. ఎన్నడన్న వస్తదా?"

"రాకపోవచ్చు." ఆమె అబద్ధం చెప్పలేదు. "గుండె దడదడ కొట్టుకుంటే ఒంట్ల ఒక రసాయనం పుడతది. దాంతోని జ్ఞాపకం గట్టిగైతదని పిల్లలకు నేనే చెప్త. అప్పుడు దానికి టైం దొరకలే. ఇప్పుడున్నది. ఈసారి నేనడుగుత. నన్ను చేసుకుంటవా?"

దినేశ్ చేతిలోని కండె జారిపోయింది. దాన్ని తీసుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"చేసుకుంట," అన్నాడు.

వెంకటనర్సమ్మ చాయ్ గ్లాసులతో గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఒక గ్లాసు అఖిల చేతికిచ్చి, తల నిమిరింది.

"మీ బాపును రేపే రమ్మను బిడ్డా. వీడు మళ్ల మర్చిపోకముందే."