ఉప్పు కలిపిన చేదు బిళ్ళ

"ఇందులో ఉప్పెందుకు?" అన్నాడు వెండెల్, నోట్లో బిళ్ళను ఆ బుగ్గనుంచి ఈ బుగ్గకి దొర్లిస్తూ.

"మా ఇంట్లో అలాగే వేస్తారు కాబట్టి," అంది లియోరా.

అమెరికాలోని షెనాండోవా లోయలో, ఆనాటి అంతర్యుద్ధాన్ని తలుచుకుంటూ ఏటా జరిపే ఉత్తుత్తి యుద్ధానికి అతను తనిఖీదారు. 1862లో లేనిదేదీ శిబిరంలో కనబడకూడదు. సైనికుడి గుండీ నుంచి గుడారాల్లో అమ్మే మిఠాయి దాకా ప్రతిదానికీ ఆనాటి కాగితం చూపించాలి. దగ్గుబిళ్ళల గుడారం పెట్టిన లియోరాతో ఈ వేసవిలో అతనికి ఇది మూడో తగువు. మొదటిది చుట్టే కాగితం మీద, రెండోది ఎర్ర రంగు మీద. రెండుసార్లూ తనిఖీ పేరుతో అరడజను బిళ్ళలు లాగించాడు.

"దగ్గుకి చేదాకు సరే. ఉప్పు ఏ పుస్తకంలోనూ లేదు. మధ్యాహ్నంలోగా ఆధారం చూపించండి. లేకపోతే గుడారం పీకాల్సిందే."

"మా అమ్మమ్మ మాట చాలదా?"

"ఆవిడ సంతకం ఉందా?"

"మీకింకా పెళ్ళెందుకు కాలేదో ఇప్పుడర్థమైంది సార్."

అతని చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం చంకలో పెట్టుకుని పొగమంచులోకి వెళ్ళిపోయాడు.

లియోరాకి ఏడుపొచ్చింది. అమ్మమ్మ పోతూ పోతూ తన చేతిలో పెట్టింది ఈ వంటకమొక్కటే. దాన్ని అబద్ధమంటే ఎలా ఊరుకుంటుంది?

పొద్దున్నుంచీ మంచులో ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు ఇప్పుడు గుడారం ముందుకొచ్చింది.

"అమ్మాయీ, ఒక బిళ్ళ పెడతావా?"

బక్కచిక్కిన సైనికుడు. వాన లేకపోయినా కోటు నీళ్ళోడుతోంది. బిళ్ళ నోట్లో వేసుకోగానే అతని కళ్ళు నిండాయి.

"ఉప్పేశావు. మా అమ్మా అంతే," అన్నాడు. బల్ల మీద చిన్న కాగితం పొట్లం పెట్టి వెళ్ళిపోయాడు. అతను నడిచిన గడ్డి మీద మంచుబొట్టు ఒక్కటీ రాలలేదు.

పొట్లంలో నల్లబడ్డ బిళ్ళ ఒకటుంది. కాగితం మీద రాత: "నాయనా ఎజ్రా, దగ్గుకి బిళ్ళలు పంపుతున్నా. ఉప్పు ఓ చిటికెడు ఎక్కువైంది, తిట్టుకోకు. మార్చి 1862." అమ్మమ్మ దాచిన, పేరూ తేదీ లేని పాత వంటకాగితం మీది రాతే అది. ఆ కాగితం రాసినావిడ కొడుకొకడు యుద్ధం నుంచి తిరిగి రాలేదని అమ్మమ్మ చెప్పేది.

మధ్యాహ్నం వెండెల్ రాగానే ఉత్తరం అతని మొహం ముందు ఆడించింది. "సైనికుడి వేషం అదిరింది. ఎవర్ని పంపారు?"

అతను దాన్ని వెలుతురుకి ఎత్తి రెండుసార్లు చదివాడు. "నేనెవర్నీ పంపలేదు. సైనికుల వేషాలవాళ్ళంతా వరదకి వంతెన అవతలే ఆగిపోయారు. ఇక్కడున్నది మనిద్దరమే."

"మరి పొద్దున్నుంచీ వినబడ్డ ఆ దగ్గు?"

"మీరేమో అనుకున్నా."

"అతను కనబడేదాకా నేను మీరనుకున్నా."

వెండెల్ తనిఖీ పుస్తకం తెరిచి, ఆధారం ఇచ్చినవారి పేరు దగ్గర రాశాడు: ఎజ్రా, సైనికుడు. స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

"పిచ్చా మీకు? ఈ పనిలోంచి తీసేస్తారు."

"తీసేయనీ. ఇన్నేళ్ళూ కాగితాల్నే నమ్మాను. ఇవాళ నిన్ను నమ్ముతున్నా."

"అంటే?"

"అంటే... నువ్వంటే నాకిష్టం లియోరా. దానికి మాత్రం ఆధారం అడక్కు."

"ఆధారమెందుకు? నా బిళ్ళలన్నీ తిన్నది చాలదూ?" అంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

గుడారం వెనకే దగ్గు వినబడింది, చాలా దగ్గరగా.

లియోరా ఒక బిళ్ళ తీసి బల్ల అంచున పెట్టింది. వెండెల్ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బల్ల మీద బిళ్ళ లేదు. దగ్గు మళ్ళీ వినబడలేదు. వెండెల్ మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.